పనిగోష్ఠి: పిలుచువారి ధర్మము

పెండ్లికి పిలిచిన గృహస్థునకును, పిలుపందుకొని వచ్చిన చుట్టమునకును తగిన మర్యాదలను మన పెద్దలు ఏర్పఱచియున్నారు. పనికి పిలుచువారి ధర్మ మెట్టిది? ఆ పనియు ఒక యింట గాక కంప్యూటరు తెరమీద జరుగునప్పుడు అది యెట్లుండవలెను? ఈ ప్రశ్న మాకు గ్రంథములవలన గాక, మా తప్పిదమువలననే పుట్టినది.

2020 మార్చి 25 మొదలు దేశమంతట లాక్‌డౌను విధింపబడి, పాఠశాలలు మూతపడియున్న దినములవి. విజయవాడలో మేమును, మచిలీపట్టణమునను గుడివాడలోను గల మిత్రులును, న్యూజెర్సీలోని బంధు వొకరును ప్రతి యాదివారము రాత్రి 8 గంటలకు వీడియో కాల్‌లో కూడుచుంటిమి. అది మాటలకొఱకు గాదు, పనికొఱకు. ఎవ రేమి చేయదలచిరో మొదట చెప్పుకొనుట, పిమ్మట గంటసేపు మౌనము, తుదకు ఎంత సాగినదో చెప్పుకొనుట. ఇంతియే మా పనిగోష్ఠి. తెలుగు వికీసోర్సులో పాత పుస్తకముల యచ్చుతప్పులు దిద్దుట మా పని. అందు దిద్దిన పుట పసుపురంగు దాల్చును; వేఱొకరు సరిచూచినగాని ఆకుపచ్చ గాదు. దిద్దినవాడే దానిని ఆమోదించుటకు వీలులేదు.

ఒంటరిగా చేయలేని పనిని పదిమంది యెదుట కూర్చుండి చేయుట మనోబలము లేమియే గదా యని యొక మిత్రు డాక్షేపించెను. మే మట్లు తలపము. సైకిలు పందెగాండ్రు తోడివారున్నప్పుడు ఎక్కువ వేగముగా పోవుదురని ట్రిప్లెట్ అను పండితుడు 1898లో వ్రాసెను. అలవడిన పనికి ఇతరుల సన్నిధి తోడ్పడునుగాని, క్రొత్తగా నేర్చుపనికి అడ్డుతగులునని 1965లో జాయన్స్ వివరించెను. మన డెల్టా పొలములలో ఊడ్పులకాలమున బారుగా నిలిచి పాటతో నాటు స్త్రీలకు ఈ సంగతి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. సత్రయాగమునందు పాల్గొనువారందఱు ఋత్విజులే, అందఱు యజమానులే. దక్షిణ యన్నమాట లేదు. మంచి పనిగోష్ఠి అట్టి సత్రము.

ఇక మా తప్పిదము. ఒకనాడు ఉపాధ్యాయిని యైన యొక సోదరి కెమెరా మూసి గోష్ఠిలో చేరినది. పిలిచినవారము మేమే గనుక, ముఖము కనబడనిచో గోష్ఠి యెట్లగు నమ్మా యని రెండుమూడుసారులు ఒత్తిచెప్పితిమి. ఆమె తెరచినది. వెనుక మంచముమీద ముసలి యత్తగారు, ప్రక్కను సగము తినిపించిన యన్నపు కంచము కనబడినవి. పది నిమిషములలో ఆమె వెడలిపోయినది. మఱుసటి యాదివారము రాలేదు. ఫోను చేయగా ఇట్లనినది: “మాస్టారూ, మీరంతా పని చేసుకుంటున్నారనే ధైర్యంతో నాలుగు పంక్తులు దిద్దుకుందామని వచ్చానండీ. ఇల్లు చూపించడానికి రాలేదు.”

ఆ మాటతో మాకు మఱియొకటియు తోచినది. మేము తెరయెదుట లేవకుండ కూర్చున్న గంటలో కాఫీ మా బల్లమీదికే వచ్చుచుండెను. దానిని తెచ్చిన మా గృహిణికి అట్టి గంట యొక్కటియు లేదు.

తోడుండు కన్ను వేఱు, కావలియుండు కన్ను వేఱు. ఖైదీలు తమ్మెప్పుడు చూచుచున్నారో తెలియక సదా భయపడునట్టి చెఱసాలను కల్పించి బెంథాము 1791లో గ్రంథము ప్రకటించెను. ఇంటినుండి పనిచేయువాని కెమెరా నిరంతరము తెరచియుండవలెనని యాజ్ఞాపించు యజమాని, దానికి గోష్ఠియని పేరుపెట్టినను, ఆ చెఱసాలనే కట్టుచున్నాడు. గట్లు తెగునప్పుడు గ్రామస్థులచే నిర్బంధముగా పని చేయించుటకు మద్రాసు రాజధానిలో 1858లో చట్టము చేసిరి. గట్టు తెగుచున్నప్పుడు బలవంతమునకు ఒక కారణమైనను గలదు. మా పుటలకు వరద లేదు గదా!

కావున పిలుచువారు ఆరంభ సమయమును, ముగింపు సమయమును ముందే చెప్పి పాటింపవలెను. కెమెరా తెరచుట, మూయుట వచ్చినవారి యిష్టమునకు విడువవలెను. ఆలస్యమునకు, మధ్యలో లేచిపోవుటకు కారణ మడుగరాదు. వచ్చువారు అలవడిన పనినే తెచ్చుకొని, చేసినంతయే చెప్పవలెను. ఇంటివారి శ్రమవలన ఒక గంట పొందినవాడు ఇంటికి ఒక గంట ఋణపడియున్నాడని మఱువరాదు. ఇప్పుడు శనివారము సాయంకాలము వంటయిల్లు మాది; తెరముందు కుర్చీ మా గృహిణిది.

క్షమాపణ చెప్పుకొన్నపిమ్మట ఆ సోదరి మరల వచ్చినది. తెరమీద ఆమె గడి నేటికిని నల్లగానే యుండును. మొన్న మేము దిద్దిన పుటను ఆమె సరిచూచి, మా కంటికి దొరకని రెండు తప్పులు పట్టి, పిమ్మటనే దానిని ఆకుపచ్చ చేసినది.