ఎవరి బడి, ఎవరి పండుగ?

సిరియాలోని అలెప్పో నుండి వచ్చిన షాలోమ్ కోహెన్ సూరతులో వర్తకం చేసి, 1798లో కలకత్తా చేరినాడు. అక్కడి యూదు సమాజానికి అతడే ఆద్యుడు. ఆ సమాజం 1881లో తన బాలికలకొక పాఠశాల నెలకొల్పినది. 1947 అనంతరం చాలామంది దేశాంతరాలకు తరలిపోగా, బడి మిగిలినది. నేడు అందులో అత్యధికులు ముస్లిం బాలికలు. అట్టి బడిలో యూదుల హనుక్కా దీపాల కథ చెప్పుట ఎవరి కొరకు? వారసత్వమనగా వంశమే అయినచో, ఎవరి కొరకూ కాదు. కాని వారసుడు లేడని తాళం వేసి ఉంచుటకు సంస్కృతి నగలపెట్టె కాదు గదా! అయితే కథ వినిపించుట వేరు, ప్రార్థన చేయించుట వేరు. రెండవది ఆ పిల్లల ఇంటి ఆచారంపై దౌర్జన్యమే. సూరతు ఉపాధ్యాయుడొకడు కోహెన్ యాత్రను తన తరగతికి చెప్పదలచినచో, ఎదుట యూదు బాలుడొకడు కూర్చుండువరకు ఆగవలెనా?