టోపీ చూసి కాదు

పేరు వినగానే మా నిజాయితీని తూకం వేసేవాళ్లను చూస్తే మాకు ఒళ్లు మండుతుంది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మావాళ్లే, పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. ఏం చేశారన్నది ఎవరిక్కావాలి? ఎవరన్నదే సాక్ష్యమైపోయింది. తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి.

మరి మేము మనిషిని దేంతో కొలుస్తున్నాం?

మా కోనసీమ నుంచి, అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఎందరో ఆడవాళ్లు కువైట్‌కి ఖద్దామా పనికి వెళ్లారు, వెళ్తున్నారు. ఏజెంటు మా గడపలోకి టోపీ సర్దుకుని వస్తాడు. "సలామాలేకుం ఆపా, అది మన దీన్ ఉన్న దేశం, భయమెందుకు?" అంటాడు. టోపీ జేబులో పెట్టి పక్క పేటకెళ్లి "వందనాలు అక్కా" అంటాడు. పిలుపు మారుతుంది, పద్ధతి మారదు. కొట్లో పని అంటాడు, తీరా వీసా ఇంటిపనికి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటాడు. డబ్బు తీసుకుంటాడు, రసీదివ్వడు. పదో తరగతి చదవని ఆడవాళ్లు గల్ఫ్ పనికెళ్లాలంటే ముప్పయ్యేళ్లు నిండాలి. నిండని పిల్లకు వయసు పెంచి రాయిస్తాడు. 1983 వలసల చట్టం ప్రకారం లైసెన్సు ఉందా అంటే నొచ్చుకుంటాడు. "మనలో మనకి కాగితాలేంటి?"

ఆ "మనలో" అన్న మాట దగ్గరే మేం పడిపోతాం.

ప్రవక్త మునాఫిక్‌కు మూడు గుర్తులు చెప్పారు: మాట్లాడితే అబద్ధం, మాటిస్తే తప్పడం, అమానత్ అప్పగిస్తే ద్రోహం. మూడూ చేతలే. వాటిలో పేరు లేదు, గడ్డం లేదు. నమాజు చదివినా, రోజా ఉన్నా ఆ గుర్తులు ఉన్నవాడు మునాఫికే అని కూడా హదీసు ఉంది.

మన గుట్టు మనమే బయటపెడితే పదిమందిలో లోకువైపోమా అంటారు మా పెద్దలు. నిజమే, ఒకడి మోసాన్ని జాతి మొత్తానికీ అంటగట్టేవాళ్లున్నారు. కానీ ఆ భయంతో మేం నోరు మూసుకుంటే పరాయి దేశంలో పాస్‌పోర్టు పోగొట్టుకుని దిక్కుతోచక ఏడ్చేది మా ఆడబిడ్డే. టోపీ చూసి అనుమానించే పోలీసుదీ, టోపీ చూసి నమ్మే మాదీ ఒకటే గుడ్డితనం. ఒక దాన్ని అన్యాయమని, రెండోదాన్ని అభిమానమని ఎలా అనగలం?

కాగితం అడగడం అవమానం కాదు. నిజమైనవాడు అడక్కముందే చూపిస్తాడు.

ఈసారి గడపలోకి ఎవరొచ్చినా సలాముకు సలాము చెబుతాం. ఆ తర్వాత లైసెన్సు అడుగుతాం.