ఎవరి డబ్బు, ఎవరి ఈత

మా ఊళ్ళో (అమెరికాలో మేముంటున్న ఊరు, దీన్ని కూడా "మా ఊరు" అనడం అలవాటైపోయింది) ఈ నవంబర్ బాలెట్‌లో ఒక ప్రశ్న ఉంది. సిటీ బాండ్లు అమ్మి, ఆ డబ్బుతో ఒక పబ్లిక్ స్విమ్మింగ్ పూల్, దాన్ని ఆనుకుని జిమ్, పెద్దవాళ్ళు నడవడానికి ట్రాక్, పిల్లలకి రెండు మూడు గదులు, మొత్తం కలిపి ఒక రిక్రియేషన్ సెంటర్ కట్టాలా వద్దా? ఆ అప్పుని ప్రాపర్టీ టాక్స్ లోంచి తీరుస్తారు. అవును, కాదు. రెండే గళ్ళు.

నాకు ఓటు లేదు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి ఇల్లుండొచ్చు, ఇంటి మీద పన్నుండొచ్చు, ఓటు మాత్రం ఉండదు. నాకంటే చాలా ముందొచ్చిన ఒకన్న పోయినేడే సిటిజన్ అయ్యాడు. ఊరి విషయంలో ఆయన వెయ్యబోయే మొదటి ఓటు ఇదే. ఫోన్ చేసి అడిగాడు: "తమ్ముడూ, నువ్వు ఏవేవో పుస్తకాలు చదువుతావు కదా, చెప్పు. మన కమ్యూనిటీలో మనకి పూల్ ఉంది. దానికి నెల నెలా హెచ్‌ఓఏ ఫీజు కడుతున్నా. ఇంకొకళ్ళ పూల్‌కి కూడా నేనే ఎందుకు కట్టాలి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించి చెప్తానన్నాను. ఇది ఆ ఆలోచనే.

ముందుగా, ఆయన ప్రశ్నని స్వార్థం అని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. పూల్ అనేది నిజంగానే డబ్బు మింగే వస్తువు. కట్టడానికయ్యేది ఒక్కసారి ఖర్చు, బాండ్ డబ్బు దానికే. ఆ తర్వాత ఏటేటా లైఫ్‌గార్డుల జీతాలు, క్లోరిన్, నీళ్ళు వేడి చెయ్యడం, లోపలి గాలిలో తేమ తియ్యడం (కప్పున్న పూల్‌కి ఇదే పెద్ద తలనొప్పట), ఇవన్నీ సిటీ మామూలు బడ్జెట్ లోంచి రావాలి. టికెట్ల డబ్బుతో మొత్తం ఖర్చు రాబట్టుకోగలిగే పబ్లిక్ పూల్స్ అరుదు. రాబట్టాలంటే టికెట్ పెంచాలి, పెంచితే అది పబ్లిక్ ఎలా అవుతుంది? దీనికోసం సిటీ పెట్టిన మీటింగ్‌కి వెళ్ళి రెండున్నర గంటలు కూచున్నాను. ఈత పోటీలకెళ్ళే పిల్లల తల్లిదండ్రులు పొడుగు లేన్లు కావాలన్నారు. చిన్నపిల్లల తల్లిదండ్రులు జారుడుబల్లలు, మోకాలి లోతు నీళ్ళు కావాలన్నారు. కన్సల్టెంట్ మాత్రం జారుడుబల్లలకి టికెట్లు బాగా తెగుతాయని, లేన్లకి తెగవని మెల్లగా చెప్పాడు. ఒక పెద్దావిడ లేచి, నా ఇంటి విలువ పెరిగింది, దాంతోపాటు పన్ను పెరిగింది, నా పెన్షన్ మాత్రం పెరగలేదు, అని కూచుంది. ఆవిడకి ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు. పూల్ ఎవరికి అన్నిటికంటే అవసరమో వాళ్ళు ఆ సాయంత్రం షిఫ్టుల్లో ఉండి ఉంటారు. ఆ గదిలో వాళ్ళెవరూ ఉన్నట్టు నాకనిపించలేదు.

అన్న అడిగిన ప్రశ్నకి అర్థశాస్త్రంలో చాలా శుభ్రమైన రూపం ఒకటుంది. 1965లో జేమ్స్ బుకానన్ క్లబ్బుల ఆర్థిక సిద్ధాంతం మీద ఒక వ్యాసం రాశాడు. ఆయనకి 1986లో నోబెల్ వచ్చింది. ఆ వ్యాసంలో ఆయన వాడుకున్న ఉదాహరణ, నిజంగానే, స్విమ్మింగ్ పూల్. స్థూలంగా సంగతిది: వీధి దీపంలాంటి వస్తువు అందరిదీ, నువ్వు చూశావని నాకు వెలుగు తగ్గదు, నిన్ను చూడకుండా ఆపడమూ కష్టం. రొట్టె ఒక్కడిదే. పూల్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. మెంబర్లు పెరిగేకొద్దీ తలా కట్టే ఖర్చు తగ్గుతుంది, కొంత దాటాక మోచేతులు తగులుతాయి. కాబట్టి ఎక్కడో ఒకచోట సరైన సంఖ్య ఉంటుంది. అక్కడ గేటు వెయ్యాలి.

నేను బతికేది ఇలాంటి లెక్కలతోనే. సర్వర్ మీద ఎంతమందిని ఎక్కించాలి, ఎక్కడ ఆపాలి అని రోజూ చూసేవాణ్ణి. అందుకే ఆ లెక్కలో తప్పు పట్టలేను. నా ఇబ్బంది వేరే. ఆ లెక్కలో మనిషి ఒక సంఖ్య. అదనంగా వచ్చిన మనిషి ఎవరైనా ఒకటే. అసలు పూల్స్ చరిత్రలో ఎప్పుడైనా అలా జరిగిందా? గేటు దగ్గర ఎవరూ "ఎన్నోవాడివి?" అని అడగలేదు. "ఎవరివి?" అని అడిగారు.

అమెరికాలో ఊరి డబ్బుతో కట్టిన పూల్స్‌కి ఒక గొప్ప కాలం ఉంది. 1936 వేసవిలో ఒక్క న్యూయార్క్ నగరంలోనే ప్రభుత్వ ఉపాధి పథకం కింద కట్టిన 11 పెద్ద పూల్స్ తెరిచారు. దేశం దివాలా తీసి ఉన్న రోజులవి. సెయింట్ లూయిస్‌లో ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ పూల్ 1913 నాటిది, ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. 1949 జూన్‌లో నల్లవాళ్ళని కూడా రానిచ్చిన మొదటిరోజే అక్కడ దాడులు జరిగాయి. జెఫ్ విల్ట్సీ అనే చరిత్రకారుడు పూల్స్ మీదే ఒక పుస్తకం రాశాడు. అందులోని లెక్క ఇది: 1948లో ఆ పూల్‌లో దిగినవాళ్ళు 3,13,000. అందరికీ తెరిచాక, 1951లో, 10,000. 1956లో మూసేశారు. నీళ్ళు అవే, టైల్స్ అవే. తెల్లవాళ్ళు రావడం మానేశారు, అంతే.

విల్ట్సీ చెప్పిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. ఉత్తరాది నగరాల్లో మొదట్లో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరువేరు రోజులుండేవి. అప్పట్లో కూలీలు, వలసవాళ్ళు, నల్లవాళ్ళు ఒకే నీళ్ళలో మునిగిన చోట్లున్నాయి. ఆడామగా కలిసి ఈదడం మొదలయ్యాకే రంగు గీత గట్టిపడింది. లైబ్రరీలో పక్కపక్కన కూచోవడం ఒకటి, ఒంటిమీద చాలీచాలని బట్టలతో ఒకే నీళ్ళలో ఉండటం ఇంకొకటి. ఎవరు ఎవరిని చూస్తారు, ఎవరి ఒంటిని తాకిన నీళ్ళు ఎవరి ఒంటికి తగులుతాయి అన్నది అర్థశాస్త్రం ప్రశ్న కాదు. మనకి ఇది కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటా.

అలబామాలో మాంట్‌గమరీ ఊరివాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఓక్ పార్క్‌లో తెల్లవాళ్ళకి మాత్రమే ఒక పూల్ ఉండేది. కోర్టుకెళితే అందరినీ రానివ్వక తప్పదని తెలిసిపోయింది. 1959 జనవరి 1 నుంచి ఊళ్ళో పార్కులన్నీ మూసేశారు. పూల్‌ని ఖాళీ చేసి పూడ్చారు. పార్కులో ఉన్న జూలో జంతువుల్ని కూడా అమ్మేశారు. (జంతువులేం చేశాయో నాకిప్పటికీ అర్థం కాలేదు.) హెదర్ మెక్‌గీ 2021లో రాసిన 'ద సమ్ ఆఫ్ అస్' పుస్తకంలో ఈ కథ వస్తుంది. ఆవిడ పాయింట్ సూటిగా ఉంటుంది. వేరేవాళ్ళకి దక్కకూడదని పేద తెల్లవాళ్ళు తమకున్న ఒకే ఒక పూల్‌ని పోగొట్టుకున్నారు. డబ్బున్నవాళ్ళు క్లబ్బులు కట్టుకున్నారు. వాషింగ్టన్ నగరంలో పబ్లిక్ పూల్స్ అందరికీ తెరిచిన పదేళ్ళ లోపే చుట్టుపక్కల వందకు పైగా ప్రైవేటు ఈత క్లబ్బులు పుట్టుకొచ్చాయి. బుకానన్ చెప్పిన గేట్లు అవే. మా హెచ్‌ఓఏ పూల్‌కి కూడా ఆ వంశంతో చుట్టరికం ఉందేమో అని ఫోబ్ నొక్కినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక మిసిసిపీలో జాక్సన్ నగరం. ఐదు పూల్స్, నాలుగు తెల్లవాళ్ళవి, ఒకటి నల్లవాళ్ళది. కలపాలని కోర్టు అన్నాక సిటీ అన్నిటినీ వదిలించుకుంది. ఇది 1971లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 5-4 తేడాతో సిటీ గెలిచింది. తీర్పు రాసిన జస్టిస్ హ్యూగో బ్లాక్, 1954లో స్కూళ్ళ విభజన చెల్లదన్న బెంచిలో ఉన్నాయనే. సారాంశం: పూల్ నడిపి తీరాలన్న బాధ్యత ఊరికి లేదు, ఇద్దరికీ లేకుండా చేశారు కాబట్టి వివక్ష లేదు. మా ఆఫీసులో ఒక ఫీచర్ గురించి మరీ గొడవైతే అందరికీ ఒకేసారి తీసేస్తాం. ఎవరికీ లేదు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఆ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఈ కథ నాకు తెలుసు. ప్రకాశం జిల్లాలో మా తాతయ్య పొలంలో పెద్ద బావి ఉండేది, రాతి మెట్లతో. మా వీధి పిల్లలందరం వేసవి సెలవుల్లో అక్కడే. వీపుకి మునగబెండ్లు కట్టి మా పెదనాన్న కొడుకు నీళ్ళలోకి తోసేవాడు. పల్లె పిల్లలు (మా వైపు పల్లె అంటే ఏ పల్లో చెప్పక్కర్లేదు) కాలవలో నీళ్ళొచ్చినప్పుడు కాలవలో ఈదేవాళ్ళు. అలా అని ఎక్కడా రాసి లేదు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు, మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు వచ్చి మా బావిలో దిగారు. తాతయ్య చూశారు. కొట్టలేదు, తిట్టలేదు కూడా. ఆ సాయంత్రం తుమ్మకంప తెప్పించి మెట్లకి అడ్డంగా వేయించారు. "ఎవరూ దిగొద్దు, ప్రమాదం" అన్నారు. ఎవరూ అంటే మేం కూడా. నాకు అప్పటికి సగం ఈతే వచ్చు, అది సగంతోనే ఆగిపోయింది. చాలా ఏళ్ళు ఆ కథని నేను తాతయ్య జాగ్రత్తకి ఉదాహరణగా చెప్పేవాణ్ణి.

నీళ్ళ మీద ఈ దేశం నుంచి నేర్చుకోవాల్సిన అవసరం మనకి లేదు. మహాడ్‌లో చవదార్ చెరువు అందరికీ తెరవాలని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద తెరుచుకున్న చెరువులో దోసెడు నీళ్ళు తాగడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడవాల్సొచ్చింది. దెబ్బలు తినాల్సొచ్చింది. తర్వాత ఆ నీళ్ళని 108 కుండల పంచగవ్యంతో "శుద్ధి" చేశారు, ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. హైకోర్టులో కేసు తేలేసరికి 1937. అందుకేనేమో రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా రాసుంటుంది. దాని పక్కనే ఒక షరతు: పూర్తిగా గానీ కొంతగా గానీ ప్రభుత్వ డబ్బుతో నడిచేవి, లేదా ప్రజలందరి వాడకానికి అంకితం చేసినవి.

ఆ షరతు దగ్గరే నాకు అన్న ప్రశ్నకి జవాబులాంటిది దొరికింది. పన్ను డబ్బుని మనం ధర అనుకుంటాం: ఇంత కట్టాను, ఇంత ఈదాను, లెక్క సరిపోయింది. కానీ ఉమ్మడి డబ్బు చేసే అసలు పని ఇంకొకటి. అది పడ్డ చోట గేటు దగ్గర "ఎవరివి?" అని అడిగే హక్కు పోతుంది. తాతయ్య బావి ఆయన సొంతం, కంప వేసుకునే హక్కు ఆయనకుంది. చెరువు దగ్గర అయితే ఆ హక్కు ఉండేది కాదు, కనీసం కాగితం మీద. నేను పబ్లిక్ పూల్‌కి కట్టే డబ్బు నా ఈతకి కాదు. నేను ఎవరినీ ఆపలేని చోటు ఒకటి ఊళ్ళో ఉండటానికి.

ఇది గొప్పగా వినిపిస్తోంది గానీ ఇందులో ఒక బొక్క ఉంది, నాకు తెలుసు. జాక్సన్‌లోనూ మాంట్‌గమరీలోనూ కంప వేసింది ఉమ్మడి డబ్బే. డబ్బు ఉమ్మడిదైతే సరిపోదు, ఆ పెన్షన్ పెద్దావిడ నుంచి కూడా వసూలు చేసినప్పుడు అది ఆవిడకేం చేస్తుందో చెప్పగలగాలి. ఆవిడకి పన్ను మినహాయింపు పెట్టొచ్చు, పగటిపూట నీళ్ళలో నడిచే క్లాసు ఉచితం చెయ్యొచ్చు. మీటింగ్‌లో అవేవీ రాలేదు. జారుడుబల్ల గురించి మాత్రం నలభై నిమిషాలు మాట్లాడారు.

పోయిన వేసవిలో పక్క ఊరి పబ్లిక్ పూల్‌లో పెద్దవాళ్ళ ఈత క్లాసులో చేరాను, ముప్ఫై ఆరేళ్ళకి. మా బ్యాచ్‌లో ఒక నల్లజాతి నర్సు ఉండేది, వాళ్ళమ్మకీ అమ్మమ్మకీ కూడా ఈత రాదని చెప్పింది. ఈ దేశంలో 5 నుంచి 19 ఏళ్ళ నల్లపిల్లలు పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లలకంటే ఐదున్నర రెట్లు అని సీడీసీ 2014లో లెక్క కట్టింది. మూసేసిన పూల్స్ ఎక్కడికీ పోలేదు, ఆ అంకెలో ఉన్నాయి. మాకు నేర్పినమ్మాయికి ఇరవై కూడా ఉండవు. ముఖం నీళ్ళలో పెట్టండి, గాలి మెల్లగా వదలండి, అంతే, అనేది. ఇద్దరం గట్టు పట్టుకుని భయపడుతూ వదిలేవాళ్ళం.

ఆదివారం అన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, ఇంత వరసగా కాదు. నా తరఫున ఓటెయ్యమని అడగలేదు, అడగాలని మాత్రం ఉంది. ఆయన చాలాసేపు విన్నాడు. మహాడ్ దగ్గర ఊఁ కొట్టాడు, బుకానన్ దగ్గర కొట్టలేదు. ఆఖర్న, "సరేగానీ, మీ బావి మీద కంప ఎప్పుడు తీశారు?" అని అడిగాడు.

తియ్యలేదన్నా. కొన్నేళ్ళకి పూడ్చేసి, పక్కన బోరు వేశారు.