ఒడ్డినది ఎవరిది?

నల్లగుడ్డ పరిచిన బల్ల, దానిమీద చిలకరించిన తెల్లరంగు చుక్కలు. అవి నక్షత్రాలన్నమాట. వాటి మధ్య బొటనవేలంత లోహపు ఓడలు, ఒక్కొక్కటీ సన్నటి పుల్ల మీద నిలబెట్టి ఉంటుంది. బల్లకి చెరోవైపు ఒక ఆటగాడు. చేతిలో కాగితం, పెన్సిలు, కొలిచే టేపు, గుప్పెడు పాచికలు. అంతరిక్ష నౌకాదళాల యుద్ధమంటే చూడటానికి ఇంతే. చప్పుడు లేదు, తెర లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

డాలస్ దగ్గర ఉంటున్న మా మేనల్లుడికి ఈ ఆట పిచ్చి. వాళ్ళుండే చోట ఒక ఆటల దుకాణంలో శనివారాలు పోటీలు జరుగుతాయట. రెండేళ్ళ కిందట వేసవిలో ధరణికోట వచ్చినప్పుడు ఎనిమిది ఓడలు దూదిలో చుట్టి తెచ్చి, మా వసారాలో నాకు నేర్పాడు. వాడు ఆడేది ఫుల్ థ్రస్ట్ అనే ఆట, 1990ల మొదట్లో ఇంగ్లండులో జాన్ టఫ్లీ తయారుచేసింది. అందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ప్రతి ఓడా ఎటు తిరగాలో, వేగం ఎంత పెంచాలో ఇద్దరూ ముందే రహస్యంగా రాసుకోవాలి. ఆ తర్వాతే కదపాలి. ఎదుటివాడి ఓడ ఎక్కడికొచ్చి ఆగిందో చూశాక మనసు మార్చుకుందామంటే కుదరదు. రాసింది రాసినట్టే జరగాలి. తర్వాత కాల్పులు. పాచిక మీద మూడు లోపు పడితే గుండు వృథా. నాలుగో అయిదో పడితే ఒక దెబ్బ, ఆరు పడితే రెండు. ఓడకొక చీటీ ఉంటుంది, దానిమీద వరసలుగా గళ్ళు. దెబ్బకొక గడి కొట్టేసుకుంటూ పోతారు.

పోటీల్లో ఇంకో కట్టుబాటు: ఇద్దరి దళాల విలువా సమానంగా ఉండాలి. ప్రతి ఓడకీ, ప్రతి ఫిరంగికీ ఒక ధర కట్టి ఉంటుంది. మొత్తం కలిపి ఇన్ని పాయింట్లు దాటకూడదు. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గుళ్ళ అరుగుల మీద, రచ్చబండల మీద గీతలు గీసుకుని మనవాళ్ళు ఆడిన పులిజూదంలో ఒకడికి మూడు పులులు, ఇంకొకడికి పదిహేను మేకలు. పులి చంపుతుంది. మేకకి చంపడం చేతకాదు, గుంపుగా చేరి పులిని కదలనివ్వకుండా చెయ్యాలి. లోకం ఎలా ఉందో ఆ ఆట అలా ఉంది. సమాన పాయింట్ల యుద్ధం ఎక్కడా జరగదు. జరిగితే బల్ల మీదే జరగాలి.

యుద్ధాన్ని ఆటగా ఆడటం తప్పా? ఈ ప్రశ్న పాతదే. పిల్లలు హింసకి అలవాటు పడతారనే వాదం మీద నాకంత గురి లేదు. చదరంగంలో ఏనుగుల్ని చంపిన పిల్లలెవరూ ఏనుగుల వేటకి పోలేదు. దీనికి ఎదురువాదం కూడా పాతదే. 1913లో హెచ్.జి. వెల్స్ తగరపు సైనికులతో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసి, పెద్ద యుద్ధం కన్నా ఈ చిన్న యుద్ధం ఎంతో మేలన్నాడు. మరుసటేడే పెద్ద యుద్ధం వచ్చింది. ఆ రెండు వాదాలూ ఆట చూడటానికి ఎలా ఉందన్న దగ్గరే ఆగిపోతాయి. నా కొలత వేరు. అది మా నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

మా నాయనమ్మ ఇంట్లోకి పాచికలు రానిచ్చేది కాదు. గవ్వలూ అంతే. వైకుంఠపాళి పటం చుట్టాలెవరో తెస్తే పొయ్యిలో పెట్టిందని చెప్పుకునేవారు. నేను పుట్టకముందు ఒక సంక్రాంతికి మా తాత కోడిపందెం బరి దగ్గర ఎకరం డెబ్బై సెంట్ల రేగడి చేను ఓడిపోయాడు. ఆ చేను ఆయనది కాదు. నాయనమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. కనుమ వెళ్ళాక కాగితాలు ఇంటికొచ్చాయి, ఆవిడ వేలిముద్ర వేసింది. వెయ్యకపోతే ఏమయ్యేదని చిన్నప్పుడు అడిగితే, "మీ తాత ఊళ్ళో తలెత్తుకోవద్దూ" అంది. ఇంకోసారి, నేను కాస్త పెద్దయ్యాక, అడక్కుండానే చెప్పింది: "ఆయన ఓడినందుకు కాదురా నా ఏడుపు. ఓడింది నాది."

ఆట మంచిచెడ్డలు తేల్చడానికి ఇంతకన్నా గట్టి ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒడ్డినది ఎవరిది? ఆడేవాడు తనది ఒడ్డితే, పోయినా వాడి ఇష్టం. తన పొద్దు, తన పరువు, తన జేబులో డబ్బు. (ఆ డబ్బు మీద ఇంట్లో ఎవరెవరికి హక్కుందన్నది మళ్ళీ పెద్ద పేచీ, దాన్ని నేను తేల్చలేను.) తనది కానిదాన్ని ఒడ్డితే మాత్రం, వాడు గెలిచినా సరే, అప్పటికే చెడు జరిగిపోయింది. మా తాత ఆ రోజు గెలిచి ఉంటే నాయనమ్మకి రెండెకరాలు కలిసొచ్చేవేమో. అయినా ఆ సాయంత్రం రెండు కోళ్ళ కాళ్ళకి కత్తులు కడుతున్నంతసేపూ ఆవిడ చేను బరిలోనే ఉంది, ఆవిడకి తెలియకుండా.

ద్రౌపది సభలో అడిగింది కూడా ఇలాంటిదే. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడాడా అని. మనం దాన్ని అవమానం పొందిన స్త్రీ ఆక్రోశంగానే వింటాం. నిజానికి అది ఆట నియమాల గురించిన ప్రశ్న, చాలా సూటి ప్రశ్న. తనను ఓడిపోయినవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? నిండుసభ ఆ ప్రశ్నని తేల్చలేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని ఊరుకున్నాడు. ఓడకముందైనా ఆ హక్కు ఉందా అన్నది కూడా ఆ సభ తేల్చలేదు.

పల్నాడు సంగతికొస్తాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా అమరావతి మండలం పల్నాడు జిల్లాలో పడింది. అంతకుముందు రోజు దాకా గుంటూరువాళ్ళం, మర్నాటి నుంచీ బ్రహ్మనాయుడి జిల్లావాళ్ళం. రాత్రికి రాత్రి పౌరుషం ఎలా వస్తుందో తెలీదు గానీ, ఆ కథ మీద కొంచెం హక్కు వచ్చినట్టు మాత్రం నాకనిపించింది. పన్నెండో శతాబ్దంలో గురజాల నలగామరాజు పక్షాన నాగమ్మ, మాచర్ల మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు కోళ్ళు దించారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి. బ్రహ్మనాయుడి కోడి ఓడింది. మోసం జరిగిందని ఒక పక్షం కథ. వినేవాళ్ళందరం ఆ మోసం దగ్గరే ఆగి నాగమ్మని తిట్టుకుంటాం. నాయనమ్మ కొలతతో చూస్తే మోసం రెండో మాట. మాచర్ల సీమలో దున్నుకునేవాడూ, నేసుకునేవాడూ, ఆ ఊళ్ళ ఆడవాళ్ళూ, ఇంకా యుద్ధం ఈడు రాని బాలచంద్రుడూ, అందరి ఏడేళ్ళూ ఆ రెండు కోళ్ళ మీద ఉన్నాయి. ఒక్కరినీ అడిగినవాళ్ళు లేరు. కోళ్ళని అసలే అడగలేదు. ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. బరిలో ఉన్నవాళ్ళలో ప్రాణం పెట్టింది అవొక్కటే. పందెం వేసినవాళ్ళిద్దరూ గొడుగు కింద కూర్చున్నారు.

అయినా ఆ ఆటకి ఒక మర్యాద దక్కి ఉంటే కథ వేరేగా ఉండేది. ఓడినవాళ్ళు మాట ప్రకారం వెళ్ళిపోయారు. గడువు తీరాక తమ భాగం అడగమని అలరాజుని పంపారు, అతను విషానికి బలైపోయాడు. ఆట అయిపోయిందని ఒప్పుకోవడం గెలిచినవాళ్ళకి చేతకాలేదు. ఆ తర్వాతే కారెంపూడిలో నాగులేటి ఒడ్డున నెత్తురు పారింది.

మరి మా మేనల్లుడి ఓడలు? నాయనమ్మ పరీక్షకి అవి నిలుస్తాయనే నా నమ్మకం. వాడు ఒడ్డేది ఒక శనివారం, పోటీ రుసుము, గెలుస్తానన్న గీర. అన్నీ వాడివే. ఆవిడ బతికుంటే మొదట పాచికలు చూసి మండిపడేది, తర్వాత విషయం కనుక్కుని ఓడలకి రంగులు బాగా వేశావనేది.

కానీ ఆ చీటీ మీద ఒకటి నన్ను ఆపింది. కొన్ని గళ్ళలో చిన్న నక్షత్రం గుర్తుంది. ఇదేంట్రా అంటే, "అది సిబ్బంది మావయ్యా. ఆ గడి పోతే మరమ్మతు చేసేవాళ్ళు తగ్గుతారు" అన్నాడు, గడి కొట్టేస్తూనే. ఒక్క పెన్సిలు గీత. ఆ గీత కింద ఎంతమందో లెక్కలేదు, పేర్లు అసలే లేవు. ఎలా ఉంటాయి, మనుషులు లేనే లేరు కదా అంటారు. నిజమే, లేరు. ఓడల బొమ్మల్లో మనుషులు కనపడకపోవడం కొత్తేమీ కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంటుంది, ముచ్చటైన బొమ్మ. 1960ల తవ్వకాల్లో మా ధరణికోటలోనే పడవలొచ్చే కాలవా, ఇటుకల రేవుకట్టా బయటపడ్డాయి. అలాంటి రేవుల్లో బరువులు మోసినవాళ్ళూ, సముద్రంలో పోయినవాళ్ళూ నిజంగా ఉన్నారు. నాణెం మీద మాత్రం ఓడే ఉంది.

నాణెం మీద మనుషుల్ని వదిలెయ్యడం, చీటీ మీద నక్షత్రంగా మార్చడం, ఈ రెండింట్లోనూ ఎవరికీ హాని లేదు. హాని ఎక్కడ మొదలవుతుందంటే, అదే బల్ల, అవే పాచికలు ఇంకో గదిలోకి వెళ్ళినప్పుడు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ లెఫ్టినెంటు పటాలు, దిమ్మలు, పాచికలతో యుద్ధక్రీడ ఒకటి తమ సేనాధిపతులకి చూపించాడు. అప్పట్నుంచీ సైన్యాలు ఈ ఆట ఆడుతూనే ఉన్నాయి. అక్కడ నక్షత్రం గుర్తున్న గడిలో నిజంగానే మనుషులుంటారు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒడ్డేది వాళ్ళనే.

1942 మే మొదట్లో జపాను నావికాదళం మిడ్‌వే దాడికి ముందు యమాటో అనే యుద్ధనౌక మీద ఇలాంటి ఆటే ఆడింది. ఆ ఆటలో తీర్పరిగా ఉన్న ఒకుమియా, వైమానికుడు ఫుచిదాతో కలిసి రాసిన పుస్తకంలో ఆ సంగతి ఉంది. అమెరికా విమానాల దాడికి పాచికలు వేస్తే తొమ్మిది దెబ్బలు పడి అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగాయి. ఆటని నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి తొమ్మిది కాదు మూడన్నాడు. దాంతో అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి దశ ఆటలో మళ్ళీ తేలింది. నెల తిరిగేసరికి, జూన్ 4న, ఆ రెండింటితో పాటు సోర్యు, హిర్యులకి కూడా చావుదెబ్బ తగిలింది, నాలుగూ పోయాయి. జపాను తరఫున మూడు వేలమందికి పైగా చనిపోయారు. పాచికలు జోస్యం చెప్పలేవు, ఒక్క పందానికి అంత విలువివ్వక్కర్లేదని ఉగాకిని సమర్థించినవాళ్ళున్నారు. కావచ్చు. నాకు గుచ్చుకునేది జోస్యం సంగతి కాదు. తనవి కాని ప్రాణాలు ఒడ్డుతున్నవాడు, ఓటమి ఎలా ఉంటుందో కాగితం మీద చూడ్డానిక్కూడా ఒప్పుకోలేదు. మా తాతయినా కాగితాలు తెచ్చి నాయనమ్మ ముందు పెట్టాడు.

దుకాణంలో శనివారం పోటీల్లో ఒక చిన్న పద్ధతుందని మా వాడు చెప్పాడు. వేసిన పాచిక దొర్లి ఓడకో పుస్తకానికో ఆనుకుని, ఏటవాలుగా ఆగిపోతుంది. అంకె ఆరే అనిపిస్తుంది, కాదనీ అనిపిస్తుంది. తీర్పరి దూరంగా ఎక్కడో ఉంటాడు. అప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారట. చాలాసార్లు వేసినవాడే "మళ్ళీ వేస్తాను" అంటాడట, ఆరులా కనిపిస్తున్నా సరే. "ఎందుకు, పోటీయే కదా?" అన్నాను. "ఆ మాత్రం లేకపోతే రెండో శనివారం నాతో ఎవరాడతారు మావయ్యా" అన్నాడు. ఒడ్డింది చిన్నదైతే ఈ మర్యాద సులువని మీరనొచ్చు. నిజమే. అందుకే ఒడ్డేది చిన్నదిగా ఉండాలంటున్నాను.

కార్తీక అమావాస్యకి కారెంపూడిలో వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. వీరాచారవంతులు వీరుల ఆయుధాలు మోసుకొస్తారు. చాపకూడు రోజున కులం చూడకుండా అందరూ కూర్చుని తింటారు. ఆ కోళ్ళ పందెం మళ్ళీ జరుపుతారు, బ్రహ్మనాయుడి వైపొకరు, నాగమ్మ వైపొకరు. చివరి రోజు వీరులు నేలకొరగడంతో ముగుస్తుంది. అదీ యుద్ధాన్ని ఆడటమే. కాకపోతే అక్కడ చనిపోయినవాళ్ళకి పేర్లున్నాయి. బాలచంద్రుడు, కన్నమదాసు, అలరాజు.

మా మేనల్లుడు ఈసారి కార్తీకమాసంలో వస్తానంటున్నాడు. కారెంపూడి తీసుకెళ్తానన్నాను. వీడియో కాల్‌లో ఇదంతా విని, "కోడిపోరులో ఏటా ఎవరు గెలుస్తారు మావయ్యా?" అని అడిగాడు. గెలవడానికి అక్కడ ఇంకేం మిగల్లేదురా అన్నాను. ఓడలు తెస్తావా అంటే, పోయినసారి విమానంలో రెండు పుల్లలు విరిగాయట, ఆలోచిస్తానన్నాడు.