కాస్మోస్ పూలు దేవుడికి పెట్టొచ్చా?

 

మొన్నటి వీడియోలో మా పూజగది కిటికీ వెనక కనిపించిన గులాబీరంగు పూలేంటని చాలామంది అడిగారు. అవి కాస్మోస్. ఒకమ్మాయి మాత్రం "ఫారిన్ పూలు దేవుడికి పెట్టొచ్చా? దోషం కాదా?" అంది. మంచి ప్రశ్న. ముందు దానికి జవాబు చెప్తాను, తర్వాత ఆ పూల విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను.

కాస్మోస్ పుట్టిల్లు మెక్సికో, నిజమే. మరి బంతిపూల పుట్టిల్లు? అదీ మెక్సికోనే! దసరాకి గుమ్మానికి కట్టే బంతి తోరణం, బతుకమ్మలో పేర్చే బంతి వరసలు ఒక్కసారి తలుచుకోండి. దండల్లో గుచ్చే లిల్లీ పూలు, అదే నేల సంపెంగలు, వాటిదీ ఆ దేశమే. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మన దేవుడి మెడలో కుదురుకున్నాయి, ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్లైనా భక్తితో ఇస్తే తీసుకుంటానన్నాడు. ఏ దేశపు పువ్వో చెప్పలేదు. గుళ్లో ఏ పూలు వాడాలో ఆగమాలు చెప్తాయి, అది వేరే సంగతి. నేను చెప్పేది ఇంటి పూజ గురించి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి వాసన లేని పువ్వు వద్దన్న పట్టింపు ఉంటే వాళ్లతో వాదించకండి. పూలు గుమ్మం దగ్గర పెట్టుకోండి, అందమే.

ఇక నా తప్పు.

ఊళ్లో పెద్ద పెరడున్న ఇంట్లో ముప్పై ఏళ్లు పూలు కోసిన అమ్మ, మోకాళ్ల నొప్పుల వల్ల హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి వచ్చేసింది. ఐదో అంతస్తు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి తిరుప్పావై చదువుకుంటుంది. కవర్లో వచ్చిన కొన్న పూలు చూసినప్పుడల్లా ఏమీ అనదు గానీ, ఒక్కో పువ్వునీ తిప్పి తిప్పి చూస్తుంది. నాకది గుచ్చుకునేది. "వచ్చే ధనుర్మాసానికి మన బాల్కనీ పూలే పెడతావమ్మా" అని మాటిచ్చేశాను. దసరా అయిన వారంలో కాస్మోస్ విత్తనాలు చల్లాను. సన్నగా, నల్లగా, కాస్త వంగిన సూదుల్లా ఉంటాయవి. వారం తిరిగేసరికి మొలకలొచ్చాయి.

అక్కడినుంచి నాకు పూనకం వచ్చింది. వారం వారం వర్మీకంపోస్టు, మధ్యలో డీఏపీ, రోజూ రెండుపూటలా నీళ్లు. అమ్మ ఒకసారి "దానికి అంత పెట్టకురా" అంది. "నీకు తెలీదు, నువ్వు కుండీలు ముట్టుకోకు, ఇది నా పని" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొక్కలు నా భుజం దాకా పెరిగాయి. పచ్చగా, మెత్తగా, గాలికి వాలిపోతూ. ధనుర్మాసం వచ్చింది. ఒక్క మొగ్గ లేదు. నాకు మొక్కమీద కాదు, దేవుడిమీద కోపం వచ్చింది. నేనేం నాకోసం అడిగానా? ఆయన పూజకే కదా!

ఇక్కడ మీ అందరికీ తెలిసిన కథ ఒకటి చెప్పుకోవాలి. తిరుమలలో స్వామికి పూలసేవ చెయ్యడానికి ఎవరు వెళ్తారని రామానుజులవారు అడిగితే, ఆ చలికి, అడవికి భయపడి ఎవరూ లేవలేదు. అనంతాళ్వార్ ఒక్కడే లేచాడు. కొండెక్కి, పూలతోట కోసం చెరువు తవ్వాడు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఒక కుర్రాడొచ్చి నేను సాయం చేస్తానంటే, ఈ సేవ మాదేనని ఆయన పంపేశాడు. ఆ కుర్రాడు చాటుగా ఆవిడ తట్ట అందుకున్నాడు. అది చూసి అనంతాళ్వార్ గునపం విసిరాడు. గడ్డానికి తగిలింది. తర్వాత గుళ్లోకి వెళ్లి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం! అందుకే ఇవాళ్టికీ ఆ గడ్డానికి పచ్చకర్పూరం. ఆ గునపం మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి.

పెద్దలు దీన్ని ఆయన నిష్ఠకి గుర్తుగా చెప్తారు. అలాగే చెప్పాలి. నేనూ వీడియోల్లో పచ్చకర్పూరం దగ్గరే ఆగి కళ్లు తుడుచుకునేవాణ్ణి. గునపం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. స్వామే తట్ట మోస్తానని వచ్చినా "ఇది నా సేవ" అన్న మాట అడ్డొచ్చింది. అంత మహానుభావుడికే అడ్డొస్తే, డీఏపీ ప్యాకెట్ పట్టుకున్న నేనెంత? సాయం చేస్తానన్న అమ్మని కుండీ ముట్టుకోవద్దన్నవాణ్ణి.

ధనుర్మాసంలో ఓ ఉదయం లేచి చూస్తే, అమ్మ బాల్కనీలో నిలబడి కాస్మోస్ కొసలు గోటితో తుంచుతోంది. సోంపు ఆకులా సన్నగా ఉంటుంది ఆ ఆకు. పళ్లెంలో పెట్టుకుని తీసుకెళ్లి స్వామి పాదాల దగ్గర పెట్టింది. "పువ్వు రాలేదుగా, ఆకు పెడుతున్నా. ఆయన లిస్టులో ఆకే ముందుంది" అంది. నేనేమీ మాట్లాడలేకపోయాను. భోగి దాకా రోజూ అలాగే తుంచింది.

నర్సరీ అతన్ని అడిగితే నవ్వాడు. "బలం ఎక్కువైంది సార్. దీనికి మామూలు మట్టి చాలు." ఎరువు ఎక్కువైతే ఈ మొక్క ఆకే పెడుతుందట, పువ్వు మానేస్తుందట. ఎరువు ఆపాను. నీళ్లు పైమట్టి ఆరాకే. అమ్మ తుంచిన ప్రతి కొస దగ్గరా పక్క కొమ్మలు వచ్చాయి. రథసప్తమికి ఆ కొమ్మల చివరే పూలు విచ్చాయి. ఎనిమిదేసి రేకులు, మధ్యలో పసుపు బొట్టు.

రెండో ఏడు విత్తనం అమ్మే వేసింది. పనికొస్తుంది కాబట్టి ఆవిడ పద్ధతి చెప్తాను. మామూలు తోటమట్టిలో గుప్పెడు ఇసుక. విత్తనం మీద అర సెంటీమీటరు మట్టి, అంతే. ఆరుగంటల ఎండ తగిలే చోటు. మొలకలు ఒత్తుగా వస్తే అడుగుకి ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి, ఇక్కడ జాలి పనికిరాదు. మొక్క అడుగెత్తు కాగానే కొస తుంచాలి. గులాబీ, తెలుపు రకం పగలు తగ్గే రోజుల్లో త్వరగా పూస్తుంది, అందుకే దసరా విత్తనం ధనుర్మాసానికి అందొస్తుంది. మండే ఎండాకాలానికైతే పసుపు, నారింజ రకం నయం. వాడిన పూలు తీసేస్తూ ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి.

ఆ ఏడు స్వామికి రోజూ ఐదారు పూలైనా దక్కాయి. సంక్రాంతి వెళ్లాక కోయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ నాలుగూ ఉంచు, ఎండనీ." ఎండాక విత్తనాలు దులిపి, కాగితం పొట్లం కట్టి, పూజగది అలమారలో కుంకుమ భరిణె పక్కన పెట్టింది. పొట్లం మీద పెన్నుతో రాసింది: కాస్మోసు, దసరాకి, ఎరువు వద్దు.