కాడి దించు, కాలు చూడు

అల్లుడూ,

నీ వలపటెద్దు వెనక కాలు సాగడం లేదని, ఎవరికి చూపించినా అంతుపట్టడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వాపు లేదు, పుండు లేదు, దాణా మానలేదు, నెమరు వేస్తూనే ఉంది. కాడి మెడ మీద పడగానే మాత్రం ఆ కాలు వెనకబడుతోందట. పైగా శివరాత్రి బండలాగుడుకు జత పేరు కూడా ఇచ్చేశావట. ముందు ఆ పేరు వెనక్కి తీసుకో. ఊరికే చెబితే వినే రకం కాదు నువ్వు. అందుకే ఎందుకో కూడా చెబుతాను.

ఒంగోలు జాతి గిత్తలంటే కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంత మోజో మన సత్తుపల్లి, అశ్వారావుపేట వైపూ అంతే. పాలపళ్ళ దగ్గర మొదలుపెట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, జూనియర్లు, సీనియర్లు అంటూ విభాగాలు కడతారు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఆ అడుగుల లెక్కలో పడి కాళ్ళ సంగతి మరిచిపోతాం. లాగే బలమంతా మెడదే అనుకుంటాం గానీ, మెడ కాడిని ఆనించుకుంటుంది, అంతే. నేలను తన్ని ఒంటిని ముందుకు తోసేది వెనక కాళ్ళు. వాటిలో ఒకటి బరువు తప్పించుకుంటే ఆ భారం రెండో కాలి మీద, నడుము మీద పడుతుంది. అక్కడితోనూ ఆగక పక్కనున్న దాపటెద్దు మీద పడుతుంది. ఒక కాలి నొప్పితో జత మొత్తం చెడిన ఇళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

‘ఏమీ కనిపించలేదు’ అన్నారంటే చాలాసార్లు సరైన వేళకు ఎవరూ చూడలేదనే నేను అనుకుంటాను. నువ్వు చూడు. తెల్లవారుజామున, ఎద్దు పడుకున్న చోటు నుంచి లేచే వేళకు కొట్టంలో ఉండు. లేవగానే వేసే మొదటి అడుగులు చూడాలి. తర్వాత సిమెంటు వాకిట్లో కాకుండా చదునైన మట్టి నేల మీద, పలుపు వదులుగా పట్టుకుని ఒకర్ని నడిపించమను. నువ్వు వెనక నిలబడి రెండు తుంటి ఎముకలనే చూడు. నొప్పున్న వైపు తుంటి రెండోదానికంటే ఎక్కువ లేచి పడుతుంది. పక్కకు వచ్చి గిట్ట ముందుభాగం నేలను గీరుతోందో లేదో చూడు. కుడికీ ఎడమకీ చిన్న చుట్టు తిప్పించు. ఇదంతా ఫోనులో వీడియో తీసిపెట్టుకో. ఎద్దును లారీ ఎక్కించి ఆసుపత్రి ముందు దించేసరికి కుంటు మాయమయ్యే జబ్బులు ఉన్నాయి. అప్పుడు డాక్టరుకు నీ మాట కంటే నీ వీడియో ఎక్కువ పనికొస్తుంది.

చూసేది కింద నుంచి పైకి చూడు. రేసు గుర్రాల డాక్టర్లు కూడా అంతే చేస్తారు. గిట్ట దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకి వెళ్తూ మత్తు సూది వేసి, ఏ మెట్టు దగ్గర కుంటు పోయిందో చూసి నొప్పి చోటు పట్టుకుంటారు. పశువుల కుంట్లలో ఎక్కువ భాగం గిట్టల్లోనే ఉంటుంది. వెనక కాలైతే రెండు చీలికల్లో బయటి చీలికలో ఎక్కువ. మన ఊళ్ళు అడవి అంచున ఉన్నాయి. దమ్మపేట, ములకలపల్లి దారుల్లో పోడు కొట్టిన చేలల్లో నరికిన వెదురు మొదళ్ళు వాలుగా, కత్తిమొనలా మిగిలి ఉంటాయి. అలాంటిదొకటి గిట్టల సందున గుచ్చుకుని లోపల విరిగితే పైన రంధ్రం పూడిపోతుంది, లోపల చీము పడుతుంది. బయటికి వాపు కనిపించకపోవచ్చు. కాలు ఎత్తి కట్టించి, గిట్టను నీళ్ళతో కడిగి, అడుగుభాగాన్ని పట్టకారుతో అంగుళం అంగుళం నొక్కించు. ఎక్కడ కాలు లాక్కుంటుందో అదే చోటు. ఈమధ్య లాడాలు కొట్టించి ఉంటే ఒక్కో మేకు దగ్గరా విడిగా నొక్కి చూడమను. మేకు కాస్త లోపలికి వంగినా చాలు.

గిట్టలో గుచ్చుకున్నదేమీ లేకపోతే నీ దాణా డబ్బా వైపు చూడాల్సి వస్తుంది. కోప్పడకు. పోటీ దగ్గర పడుతోందని ఉలవలు, మొక్కజొన్న, గుడ్లు ఒక్కసారిగా పెంచేస్తారు మనవాళ్ళు. గింజ ఎక్కువైతే పొట్టలో పులుపు పెరుగుతుంది. ఆ దెబ్బ గిట్ట గోడకు లోపల ఉండే మెత్తని పొరకు తగిలి అది వాస్తుంది. అప్పుడు ఎద్దు నడుము పైకి వంచి, నాలుగు కాళ్ళూ దగ్గరకు పెట్టుకుని నిలబడుతుంది, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మారుస్తూ ఉంటుంది. చెయ్యి పెడితే గిట్ట వేడిగా తగలొచ్చు. కొన్నాళ్ళకు గిట్ట చుట్టూ గాడులు పడతాయి, అడుగున పుండు తేలుతుంది. దాణా పెంచిన నెలకీ కుంటు మొదలైన నెలకీ మధ్య దూరం ఉండటంతో రెంటికీ ముడి పెట్టాలని ఎవరికీ తోచదు. అందుకే ఏ రోజు ఏది ఎంత పెట్టావో రాసిపెట్టుకోమంటాను. పచ్చిగడ్డి, వరిగడ్డి కడుపునిండా మేసిన ఎద్దుకే గింజ.

మీ అమ్మ చెప్పిన గుర్తులను బట్టి నాకు ఎక్కువ అనుమానం మాత్రం మోకాలి చిప్ప మీద. ఎద్దు వెనక కాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి మడమ. అసలు మోకాలు దానికి పైన, డొక్క కింద, పొట్ట అంచున ఉంటుంది. అక్కడి చిప్పను పట్టి ఉంచే మూడు తంతువుల్లో లోపలిది తొడ ఎముక గట్టుకు తగులుకుపోతే కాలు వంగదు. కర్రలా చాచుకుపోయి, గిట్ట ముందుభాగం నేలను గీరుకుంటూ వస్తుంది. ఉన్నట్టుండి టక్కున జారితే కాలు ఎగిరిపడుతుంది. పొద్దున లేవగానే ఎక్కువ, కాస్త నడిచాక తక్కువ. ఒకరోజు ఉండి రెండు రోజులు ఉండకపోవచ్చు. దుక్కి ఎడ్లలో, బండి ఎడ్లలో ఇది మామూలే. ఇదే అయితే భయపడకు. చిప్ప దగ్గర మత్తిచ్చి ఆ లోపలి తంతువును కోసే చిన్న ఆపరేషన్ ఉంది. పశువుల్లో చాలా మట్టుకు ఫలితం బాగుంటుంది. గుర్రాల్లో దాన్ని చివరి మార్గంగానే చూస్తారు. ముందు వ్యాయామంతో తొడ కండ పెంచి చూస్తారు. కోసేది డాక్టరే అయి ఉండాలి. కత్తి తెచ్చి ‘నరం’ కోస్తానన్న వాణ్ణి కొట్టంలోకి రానివ్వకు. వాతలు పెట్టేవాణ్ణి కూడా. కాల్చిన చర్మం మానడానికి వారాలు పడుతుంది, ఆ వారాలు కదలకుండా ఉండటంతో కాస్త కుదుటపడితే ఆ గొప్ప వాతది అయిపోతుంది.

కాలు చాచుకుపోకుండా, గిట్ట వెనక్కి మడిచి పడుతుంటే అది నరం సంగతి. ఈమధ్య పిర్రలో సూది వేయించావా? తెలియని చెయ్యి పిర్రలో లోతుగా పొడిస్తే కాలికి వెళ్ళే పెద్ద నరం దెబ్బతింటుంది. ఇకమీదట ఎవరొచ్చినా సూది మెడలోనే వేయమను. నడుమే ఊగుతుంటే, మెల్లగా చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించు. అడవి అంచున జోరీగలు సర్రా రోగాన్ని మోస్తాయి. పెళ్ళి ఊరేగింపులకు గుర్రం పెట్టుకున్న నీ స్నేహితుడికి కూడా ఒక మాట చెప్పు. పశువుల పొట్టలో పెద్దగా హాని చేయకుండా బతికే సెటేరియా అనే సన్నని పురుగు దోమ ద్వారా గుర్రానికి చేరితే వెన్నుపాములో దూరి వెనక భాగాన్ని పడగొడుతుంది. గుర్రం కట్టేసే చోట దోమతెర ఖర్చు దండగ కాదు.

నీ దగ్గర బోరు నీళ్ళే కదా. పళ్ళు చూడు. విభాగం తేల్చడానికి పోటీ దగ్గర ప్రతివాడూ ఎద్దు నోరు తెరుస్తాడు, పళ్ళు లెక్కపెడతాడు, మరకలు మాత్రం చూడడు. పసుపు, గోధుమ రంగు చారలుంటే నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించు. ఫ్లోరైడ్ రోగం మనవైపు కొత్తది కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా మనుషుల్లో దీన్ని గుర్తించి రాశారు. పశువుల్లో కీళ్ళు బిగుసుకుని కుంటు మొదలయ్యేసరికి అవి ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగి ఉంటాయి.

ఆగకుండా డాక్టరును పిలవాల్సిన కుంటు ఒకటుంది. పుష్టిగా ఉన్న కోడె ఉన్నట్టుండి కుంటి, తొడ మీద వేడి వాపు వచ్చి, నొక్కితే లోపల చరచరమంటుంటే, జ్వరం కాస్తుంటే అది జబ్బవాపు. గంటల లెక్కే. దానికి వానలకు ముందే టీకా వేయించాలి. నీ దగ్గర చిన్న గిత్తలున్నాయి కాబట్టి చెబుతున్నాను. కొట్టంలో ఒక జ్వరం కొలిచే థర్మామీటరు ఉంచుకో. ఎద్దుకు 101, 102 డిగ్రీలు మామూలే, 104 దాటితే అది ఉత్త కుంటు కాదని అర్థం.

ఇక నొప్పి సూది సంగతి. పోటీ రోజు పొద్దున ఒక సూది పడితే మామూలుగా లాగుతుందని నీకు ఎవడో చెప్పే ఉంటాడు. లాగుతుంది, నిజమే. కానీ నొప్పి అనేది ఎద్దు తన కాలిని తాను కాపాడుకునే దారి. అది మూసేసి టన్నుల బరువు లాగిస్తే దెబ్బతిన్న తంతువు తెగొచ్చు, బీటవారిన ఎముక విరగొచ్చు. అంతర్జాతీయ గుర్రపు పోటీల్లో బరిలోకి దిగేముందు గుర్రాన్ని డాక్టరు, న్యాయనిర్ణేతల ముందు పరుగు నడకలో నడిపించి చూపాలి. కుంటితే ఇంటికే. నొప్పి మందు ఒంట్లో దొరికితే పోటీ నుంచి తీసేస్తారు. మన బండలాగుడు కమిటీలు పళ్ళతో పాటు నడక కూడా చూసే పద్ధతి పెడితే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది. నువ్వు కమిటీ కుర్రాళ్ళతో తిరుగుతావు కదా, అడిగి చూడు. ఇంకోటి, డైక్లోఫెనాక్ సూది పశువులకు వాడటం 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయి. మనుషుల సీసా తెచ్చి ఎద్దుకు పొడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. డాక్టరు రాసిన మందే వేయించు, వేయించాక కాడి కట్టకు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. కొట్టంలో ఇసుక పోయించి, మెత్తని నేల మీద రెండెద్దుల్నీ విడిగా కట్టు. గింజ సగానికి తగ్గించు. రోజూ పొద్దున వీడియో తియ్యి. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. మండల డాక్టరుకు చూపించి, ఎముక ఫొటో గానీ ఆపరేషన్ గానీ కావాలంటే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళు. హైదరాబాదు రాజేంద్రనగర్ కళాశాల కంటే మనకు అదే దగ్గర. లారీలో వరిగడ్డి మందంగా పరిపించు, దాపటెద్దును కూడా తోడు ఎక్కించు. ఒంటరిగా పోతే వలపటిది మేత ముట్టదు. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను. కమిటీ వాళ్ళకు ఈ రాత్రే ఫోన్ చేసి పేరు తీయించు, తీయించాక నాకు చెప్పు.