పరదేశికి జబ్బు చేసినప్పుడు
(లేవీయకాండము 19:33, 34)



పిల్లలను చదువుకై హైదరాబాదు పంపినవారు తార్నాక పేరెరుగుదురు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము అచ్చటనే యున్నది. అందులో మన బిడ్డలతోపాటు పరదేశ విద్యార్థులును చదువుచుందురు. 2021 ఆగస్టులో కాబూలు తాలిబానుల వశమైనప్పుడు, అచ్చటి ఆఫ్ఘను విద్యార్థులు ఇంటికి పోలేక, ఇంటివారి క్షేమమునకై కలతపడిరి. చదువరులుగా వచ్చినవారు కొద్ది దినములలోనే దిక్కులేనివారైరి.

అట్టివానికి జబ్బుచేసిన ఏమగును? భాష రాదు. కాగితము చూపుమందురేమోయని ఆసుపత్రికి వెళ్ల వెరచును. దగ్గు ముదురువరకు గదిలోనే దాగును. క్షయ మన కులమును, దేశమును అడుగదు గదా! అయినను భయముచేత మాత్రమే అతనిని ఆదరించుట క్రైస్తవ ప్రేమ కాదు.

పరదేశిని ప్రేమింపుమనుటకు లేవీయకాండము చెప్పు కారణము వేరు: ఇశ్రాయేలీయులును ఐగుప్తులో పరదేశులే. మన తెలుగువారికిని ఒక ఐగుప్తు కలదు. 1942లో జపాను సేనలు బర్మాలో చొరబడగా, రంగూనులో కూలిచేసికొను మనవారెందరో కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చిరి. కలరా, మలేరియాలు అనేకులను దారిలోనే కూల్చెను. అదే బర్మానుండి పారిపోయివచ్చిన రోహింగ్యాలు నేడు హైదరాబాదు బాలాపూరు గుడిసెలలో నున్నారు. వారు ముస్లిములు గదా అందురా? యెరికో త్రోవలో సమరయుడు ఆ ప్రశ్న వేయలేదు.

అంత దూరమేల? మన ఇటుకబట్టీలకు ఒడిషానుండి కుటుంబములు వచ్చుచున్నవి. స్త్రీల సమాజమువారు ఈ నెలలో బట్టీలకు వెళ్లి, టీకాలు పడని పిల్లల పేర్లు వ్రాసి ఆశా కార్యకర్తకు ఇయ్యవలెనని కోరుచున్నాము. ఒడియా తెలిసినవారు ఒకరిద్దరు వెంట వెళ్లుడి.